నిత్యవసంత నగరానికి నాలుగు రోజులు

పిల్లలూ, ప్రయాణం ఎప్పుడు మొదలవుతుందో మీకు తెలుసా? రైలు కూత వేసినప్పుడు అంటారేమో! కాదు. ఇంట్లో చాపమీద పటం పరుచుకుని, చేత పెన్సిలు పుచ్చుకున్న నాడే మొదలవుతుంది. అటువంటి ప్రయాణం ఒకటి ఈమధ్య మా ఇంట్లో మొదలయింది. ఇంకా గడప దాటలేదు. అయినా అప్పుడే అందులో నేనొక పెద్ద పొరపాటు చేశాను. ఆ పొరపాటేమిటో, దాన్ని ఎవరు దిద్దారో మీకు చెబుతాను.

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మాది విజయవాడ. అక్కడి ఎండలు ఎలాంటివో వేరే చెప్పనక్కరలేదు. మా అమ్మ విసనకర్రతో విసురుకుంటూ గుమ్మంలో కూచున్నది. ఏడో తరగతి చదివే మా అమ్మాయి అట్లాసు తిరగేస్తూ, "నాయనమ్మా! చైనాలో కున్‌మింగ్ అనే ఊరున్నదట. అక్కడ ఏడాది పొడుగునా వసంతమేనట. ఆ ఊరిని వసంత నగరం అంటారట," అన్నది.

"ఎక్కడుందే ఆ ఊరు?" అన్నది మా అమ్మ.

అమ్మాయి పటంమీద వేలు పెట్టి అడ్డంగా జరిపింది. "ఇదుగో, మన కాశీకి తిన్నగా తూర్పున. రెండూ దాదాపు 25 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి."

మా అమ్మ నవ్వింది. "మీ తాతయ్యతో ఒకసారి వేసవిలో కాశీ వెళ్ళాను. రేవు మెట్లమీద అరికాళ్ళు బొబ్బలెక్కాయి. కాశీకి తిన్నగా ఉన్న ఊళ్ళో వసంతమేమిటి? ఎవరో నిన్ను ఆట పట్టించారు," అన్నది.

ప్రశ్న మంచిదే గదా! జవాబు వెతికాం. కాశీ సముద్రమట్టానికి 80 మీటర్ల ఎత్తున ఉన్నది. కున్‌మింగ్ దాదాపు 1,900 మీటర్ల ఎత్తున, యున్నాన్ పీఠభూమి మీద ఉన్నది. ఊటీకన్నా కొంచెం తక్కువ ఎత్తు అన్నమాట. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి చల్లబడుతుంది. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. ఆ లెక్కన కాశీకన్నా కున్‌మింగ్ పన్నెండు డిగ్రీలు చల్లగా ఉండాలి. ఉన్నది కూడాను. జూలైలో ఆ ఊరి సగటు ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది.

మరొక కారణం మనకు చుట్టమే! మన బంగాళాఖాతం మీదుగా వీచే నైరుతి గాలులు ఆ కొండలదాకా పోయి మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు కురిపిస్తాయి. మబ్బులు గొడుగు పట్టటంచేత వేసవిలో ఎండ తీవ్రత తగ్గుతుంది.

మరి అంత ఎత్తున ఉన్న ఊరు చలికాలంలో గడ్డకట్టిపోవద్దూ? అందుకు కొండలే అడ్డు. ఉత్తరాన్నుంచి వచ్చే చలిగాలి బరువైనది. అది నేలబారున పాకుతూ వచ్చి, కున్‌మింగ్ ఉన్న ఎత్తు ఎక్కలేక తూర్పుదిక్కునే ఆగిపోతుంది. ఆ తూర్పున గుయియాంగ్ అనే పట్నం ఉన్నది. అది కున్‌మింగ్‌కన్నా 800 మీటర్లు పల్లంలో ఉన్నా, జనవరి సగటు అక్కడ 5 డిగ్రీలు, కున్‌మింగ్‌లో సుమారు 9 డిగ్రీలు. గుయియాంగ్‌లో ముసురు పట్టి ఉంటే కున్‌మింగ్‌లో ఎండ కాస్తూ ఉంటుంది.

ఇదంతా విని మా అమ్మ, "అలాంటి ఊరు ఒకసారి చూస్తే బాగుణ్ణు," అన్నది. ఆవిడకు డెబ్బైరెండేళ్ళు. నాకు తెలిసినంతవరకు తన కోసం అడిగిన కోరిక అది ఒక్కటే. మర్నాడే నేను వెళదామని తీర్మానించాను.

ఎప్పుడు వెళ్ళాలి? వానలు ఉండకూడదు గనక చలికాలం మేలు. జనవరి అనుకున్నాం. మా అమ్మ ఒక షరతు పెట్టింది: "భోగినాటికి ఇల్లు చేరాలి. గుమ్మంలో ముగ్గు లేకుండా సంక్రాంతి నేనెరగను." ఆ షరతు ఇంకొక విధంగా కూడా కలిసివచ్చింది. చైనావాళ్ళ పెద్ద పండుగ వాళ్ళ కొత్త సంవత్సరం. చంద్రుణ్ణిబట్టి లెక్క కట్టటంచేత అది ఒక్కో ఏడు ఒక్కో తేదీన, జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వస్తుంది. అప్పుడు దేశమంతా సొంత ఊళ్ళకు బయలుదేరుతుంది. రైళ్ళలో చోటుండదు. మన భోగి అంతకు ముందే వస్తుంది గనక ఆ రద్దీ సాధారణంగా మనకు తగలదు. పిల్లలు బడికి రెండు రోజులు సెలవు పెడితే, రానూపోనూ పోగా అక్కడ నాలుగు రోజులు మిగులుతాయి.

ఇక నా పొరపాటు వినండి.

"మళ్ళీ మళ్ళీ వెళ్ళే ఊరు కాదు గదా, అన్నీ చూసెయ్యాలి!" అని నేను వారం రోజులు కూచుని పెద్ద జాబితా వేశాను. పడమటి కొండలమీద డ్రాగన్ ద్వారం, శిలావనం, కంచుతో కట్టిన స్వర్ణాలయం, గుళ్ళు, ప్రదర్శనశాలలు. అవి చాలక వేగరైల్లో రెండు గంటల దూరాన ఉన్న దాలీ, దానికి అవతల లీజియాంగ్. మొత్తం 21 చోట్లు. రోజూ పొద్దున ఆరింటికే బయలుదేరాలని కూడా రాశాను. ఆ కాగితాన్ని గోడకు అంటించి, అందరికీ గర్వంగా చూపించాను.

మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. "బాగుందిరా," అన్నది. కాసేపాగి, "అందరం పోతే తులసికోటకు నీళ్ళెవరు పోస్తారు? మీరు వెళ్ళి రండి. నేను ఇల్లు చూసుకుంటాను," అన్నది.

నిజమేననుకున్నాను నేను! పెద్దవాళ్ళకు ఇల్లు కదలటం ఇష్టముండదులే అని సర్దుకున్నాను కూడా.

రెండు రోజులు గడిచాయి. నాలుగో తరగతి చదివే మా అబ్బాయి నా దగ్గరకొచ్చి, "నాన్నా, నాయనమ్మ శాలువా మళ్ళీ పెట్టెలో పెట్టేసింది," అన్నాడు.

"ఏ శాలువా?"

"తాతయ్యతో కాశీ వెళ్ళినప్పుడు కొన్నదిట. కున్‌మింగ్‌కని బయటికి తీసి ఎండలో వేసింది. నువ్వు కాగితం అంటించిన రోజు సాయంత్రమే కలరా ఉండలు వేసి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది."

నాకు తల తిరిగినట్టయింది. ఆవిడకు తులసికోట బెంగ కాదు. పక్కింటివాళ్ళతో చెబితే నాలుగు రోజులు నీళ్ళు పొయ్యరూ? ఆవిడ నా జాబితా చదివి, మెట్లు లెక్కపెట్టుకుని, తన మోకాళ్ళను తలుచుకున్నది. తను వస్తే మాకు అడ్డమవుతానని అనుకున్నది. ఎవరి కోరికమీద ఈ ప్రయాణం పుట్టిందో, ఆవిడకు నా కాగితంలో చోటే లేదు!

ఆ రాత్రి మా అమ్మాయి పలక తీసింది. "నాన్నా, లెక్క వేద్దాం. రోజుకు తొమ్మిది గంటలు తిరుగుతాం అనుకో. నాలుగు రోజులకు 36 గంటలు. నీ రైళ్ళకూ బస్సులకూ 14 గంటలు పోయాయి. భోజనాలకు 4 గంటలు. ఊళ్ళో బళ్ళకోసం కాచుకునేందుకు 4 గంటలు. మిగిలినవి 14 గంటలు, అంటే 840 నిమిషాలు. 21 చోట్లకు పంచితే ఒక్కొక్కచోట 40 నిమిషాలు. నాయనమ్మ చెప్పులు విప్పి, గుడి మెట్లెక్కి, దణ్ణం పెట్టుకునేసరికే అవి అయిపోతాయి."

నేను లేచి ఆ కాగితాన్ని గోడమీంచి తీసేశాను. మర్నాడు కొత్త కాగితం పెట్టుకుని, ఊళ్ళ పేర్లకు బదులు మనుషుల పేర్లు రాశాను. అయిదుగురం. ఒక్కొక్కరు ఒక్కటే కోరుకోవాలి. అందరికన్నా మెల్లిగా నడిచేవారి నడకను బట్టే గంటలు లెక్కపెట్టాలి. అదీ కొత్త నియమం.

మా అమ్మాయి శిలావనం కోరింది. అది కున్‌మింగ్‌కు 80 కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్నది. అడవిలో చెట్లు నిలబడ్డట్టుగా అక్కడ రాళ్ళు నిలబడి ఉంటాయి. దాదాపు 27 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్నదే ఆ సున్నపురాయి. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ నీరు రాతి బీటల్లోకి దిగి, కొంచెం కొంచెంగా రాతిని కరిగిస్తుంది. మన బొర్రా గుహలూ, బేలం గుహలూ తొలిచిన పనివాడు కూడా ఈ నీరే. నేలలోపల తొలిస్తే గుహ అయింది. పైనుంచి బీటలవెంట కోస్తూ పోతే స్తంభాలు మిగిలాయి. 2007లో ఈ శిలావనాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. అందులో చిన్న శిలావనం అనే భాగం చదునుగా ఉంటుంది. చుట్టూ తిప్పటానికి బ్యాటరీ బళ్ళు కూడా ఉన్నాయి. కనక మా అమ్మ మోకాళ్ళకు భయం లేదు.

మా ఆవిడ దౌనాన్ పూల బజారు కోరింది. గులాబీలూ, లిల్లీలూ అక్కడినుంచి దూరదేశాలకు పోతాయి. ఆసియాలో అంత పెద్ద పూల బజారు మరొకటి లేదంటారు. వసంతం ఊరికే పోలేదు చూశారా!

మా అబ్బాయికి తిండి ధ్యాస. వాడు "వంతెన దాటిన సేవలు" కోరాడు. బియ్యప్పిండితో చేసిన సేవలను వేడి పులుసులో వేసుకు తింటారు. దీనికొక కథ చెబుతారు. ఒక పండితుడు చెరువు మధ్య లంకలో కూచుని పరీక్షకు చదువుకునేవాడట. భార్య పొడుగాటి వంతెన దాటి అన్నం తీసుకుపోయేసరికి అది చల్లారిపోయేది. ఒకనాడు కోడిపులుసు పట్టుకుపోతే, పైన తేలిన కొవ్వు తెట్టు మూలాన అది పొగలు కక్కకుండానే వేడిగా ఉన్నది. వేడినీళ్ళు ఆవిరయ్యేటప్పుడు తమతోపాటు వేడిని కూడా పట్టుకుపోతాయి. తెట్టు మూతలా అడ్డుపడితే ఆవిరి పోదు, వేడీ పోదు. కథ మాట ఎలా ఉన్నా అందులో శాస్త్రం మాత్రం నిజమే.

నేను నావికుడు జంగ్ హె పుట్టిన ఊరు కోరాను. ఆయన 1371లో కున్‌మింగ్ సరస్సుకు దక్షిణపు గట్టున పుట్టాడు. కొండల మధ్య పుట్టినవాడు 1405 మొదలుకుని పెద్ద పెద్ద ఓడలతో ఏడుసార్లు సముద్రయానం చేశాడు. మన దేశంలోని కాలికట్ రేవుకు కూడా వచ్చాడు. కాని ఆయన స్మారకం ఉన్నది దూరాన, ఒక గుట్టమీద. మెట్లున్నాయి. అందుచేత నా కోరికను నేనే కొట్టేసుకున్నాను. జాబితా తప్పుగా వేసినవాడికి ఆమాత్రం శిక్ష ఉండద్దూ? దానికి బదులు ఊరి నడుమనే ఉన్న ఒక పాతబడి చూస్తానన్నాను.

ఆ బడి కథ మీరు వినవలసిందే. 1937లో జపాను చైనామీద దండెత్తినప్పుడు బీజింగ్, తియాన్‌జిన్ నగరాల్లోని మూడు విశ్వవిద్యాలయాలు పారిపోయి, ఒకటిగా కలిసి, చివరికి కున్‌మింగ్‌కు వచ్చాయి. 1938 నుంచి 1946 దాకా అక్కడ నడిచాయి. రెండు మూడువందలమంది విద్యార్థులు 1,600 కిలోమీటర్లకు పైగా, చాలాభాగం నడిచే వచ్చారు. వాళ్ళకు 68 రోజులు పట్టింది. తరగతి గదులకు రేకుల కప్పులు. వాన పడితే ఆ చప్పుడుకు పంతులుగారి మాట వినిపించేది కాదట. అటువంటి గదుల్లో చదివిన యాంగ్, లీ అనే ఇద్దరికి 1957లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ గది ఒకటి ఇప్పటికీ నిలిచి ఉన్నది.

చివరికి మా అమ్మ వంతు వచ్చింది. "నాకేమీ వద్దురా," అన్నది. మా అబ్బాయి ఊరుకోలేదు. ఆవిడ పక్కన కూచుని ఒక బొమ్మ చూపించాడు. చెరువు నిండా తెల్లని పక్షులు. అవి గల్ పక్షులు. మన పులికాట్ సరస్సుకు కూడా చలికాలంలో గల్ పక్షులు వస్తాయి. కున్‌మింగ్‌కు అవి సైబీరియా వంటి చలిదేశాలనుంచి నవంబరులో వచ్చి, మార్చిదాకా ఉంటాయి. 1985లో మొట్టమొదటిసారి గుంపులుగా ఊళ్ళోకి వచ్చాయి. జనం వాటిని తరమలేదు, తిండి పెట్టారు. అంతే, ఏటేటా వస్తూనే ఉన్నాయి.

ఆ జనంలో ఒక ముసలాయన ఉండేవాడు. పని మానుకున్న కార్మికుడు. ఒంటరివాడు. వచ్చే కొద్దిపాటి పింఛనులో తన ఖర్చు తగ్గించుకుని పక్షులకు బిస్కట్లు కొనేవాడు. చలికాలమంతా ఊరి శివారునుంచి అంత దూరమూ నడిచి పచ్చ సరస్సు గట్టుకు వచ్చి, వాటిని పేరుపెట్టి పిలిచి మేత వేసేవాడు. దాదాపు పదేళ్ళు అలా చేసి 1995లో చనిపోయాడు. సరస్సు గట్టున ఆయన విగ్రహం నిలబెట్టారు.

మా అమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. రోజూ పొద్దున్నే గోడమీద కాకికి ముద్ద పెట్టనిదే తను తినని మనిషి ఆవిడ. "ఆ చెరువు దగ్గర మెట్లున్నాయా?" అని అడిగింది.

"లేవు నాయనమ్మా! చుట్టూ చదునైన దారే. బల్లలు కూడా ఉన్నాయి," అన్నాడు వాడు.

"అయితే నన్నక్కడ కూచోబెట్టండి," అన్నది.

అలా నాలుగు రోజులూ కుదిరాయి. మొదటిరోజు ప్రయాణపు బడలిక తీర్చుకుని, పచ్చ సరస్సూ, దగ్గర్లోని పాతబడీ. రెండోరోజు శిలావనం. మూడోరోజు పూల బజారూ, దియాన్‌చి అనే పెద్ద సరస్సు గట్టూ. గట్టుమీంచి చూస్తే అవతలి పడమటి కొండలు జుట్టు విరబోసుకుని పడుకున్న స్త్రీలా కనిపిస్తాయట. కొండ ఎక్కకుండా కొండను చూడటం అన్నమాట! నాలుగోరోజు కాగితంమీద ఏమీ రాయలేదు. మా అమ్మ మళ్ళీ పక్షుల దగ్గరికి వెళతానంటే అక్కడికే.

తొందర తగ్గాక ఇంకా కొన్ని తప్పులు బయటపడ్డాయి. పొద్దున ఆరింటికి బయలుదేరుదామని రాశానా? చైనా అంతటికీ ఒకటే గడియారం, అదీ తూర్పున ఉన్న బీజింగ్‌ది. కున్‌మింగ్ బాగా పడమట ఉన్నది గనక జనవరిలో అక్కడ దాదాపు ఎనిమిదింటికి గాని పొద్దు పొడవదు. ఆరింటికి చీకట్లో తడుముకునేవాళ్ళం!

వసంత నగరమే గదా అని స్వెట్టర్లు వద్దన్నాను. మా ఆవిడ కోప్పడింది. "సగటు 9 డిగ్రీలంటే పొద్దస్తమానం 9 అని కాదు. మధ్యాహ్నం 15, తెల్లవారుజామున 2, 3 కూడా ఉంటుంది," అన్నది. ఏడాదంతా వసంతమే గాని ఒక్క వాన పడితే చలికాలమే అని అక్కడివాళ్ళకే ఒక సామెత ఉన్నదట.

మా అమ్మ కూడా ఒక సంగతి పట్టుకున్నది. "ఊటీలో ఉత్తగిన్నెలో పప్పు ఎంతకీ ఉడకలేదు. ఇక్కడా అంతేనా?" అన్నది. అంతే! ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది గనక కున్‌మింగ్‌లో నీళ్ళు 100కు బదులు సుమారు 94 డిగ్రీలకే మరుగుతాయి. మరిగినా వేడి చాలదు. అందుకని సామానులో చిన్న ప్రెషర్ కుక్కరు చేరింది. మా అమ్మ మాంసం ముట్టదు. "వో ఛి సు" అంటే "నేను శాకాహారిని" అని అర్థం. ఆ మూడు మాటలూ ఇంటిల్లిపాదీ వల్లిస్తున్నాం. ఆ ప్రాంతంలో మేకపాలతో మన పన్నీరులాంటిది చేస్తారు. దాని పేరు రూబింగ్. కనక ఆవిడ పస్తుండనక్కరలేదు.

పెద్దలకొక మాట. చైనా వెళ్ళాలంటే వీసా ముందే తీసుకోవాలి. అక్కడ దుకాణాల్లో చాలావరకు ఫోనుతోనే డబ్బు చెల్లిస్తారు. మనం వాడే గూగుల్, వాట్సాప్ అక్కడ మామూలుగా పనిచెయ్యవు. పటాలూ, బస చిరునామా చైనా లిపిలో ముందే కాగితంమీద రాయించి పెట్టుకోవడం మంచిది. వయసు మళ్ళినవాళ్ళను 1,900 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయే ముందు వైద్యుణ్ణి అడగాలి. మేము అడిగాం. మెల్లిగా నడవమన్నాడు. మా ప్రయాణంలో ఇప్పుడు అందరమూ మెల్లిగానే నడుస్తాం గదా!

పిల్లలూ, ఈసారి మీ ఇంట్లో ప్రయాణం మాట వస్తే మీరే కాగితం తీసుకోండి. చూడవలసిన ఊళ్ళు తరవాత రాయవచ్చు. ముందు మనుషుల పేర్లు రాయండి. ఎవరైనా, "నేను రాను, మీరు వెళ్ళి రండి," అంటే వెంటనే సరేననకండి. ఆ కాగితంలో వాళ్ళకు చోటున్నదో లేదో ఒకసారి చూడండి.

నిన్న సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మేడమీద దండెంమీద ఒక పాత శాలువా ఆరుతూ కనిపించింది. దాన్నుంచి ఇంకా కలరా ఉండల వాసన పోలేదు. ఫరవాలేదు, జనవరికి చాలా రోజులున్నాయి.